కరెంటు పోయాక చెప్పిన మాట

ఆదివారం పొద్దున మత్స్యలింగం ఆటోలో ఒక్కర్తే ఎక్కేది. మిగతా ఆరు రోజులూ నాతవరం నుంచి నర్సీపట్నానికి పదిమందిని కుక్కుకుని తిరిగే షేర్ ఆటో అది. ఆదివారం మాత్రం రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా ఆపేవాడు కాదు. వెనక సీట్లో భార్య అచ్చియమ్మ, తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చునేది. పెదబొడ్డేపల్లి దారిలో ఉన్న ప్రార్థన మందిరం ముందు ఆమెను దింపి, ఆరాధన అయ్యేదాకా బయటే ఉండేవాడు.

అచ్చియమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఆ రసానికి వేళ్ళు నల్లగా కాలిపోయి, ఎంత కొబ్బరినూనె రాసినా రంగు వదిలేది కాదు. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు కడుపు పోయింది. ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పిన ఏడాది, పక్కన కూర్చుని పిక్కలు కొట్టే రాజులమ్మ ఆమెను ఆ మందిరానికి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరూ ఆమెను వింతగా చూడలేదు. ఒక ముసలావిడ పక్కన చాప సర్ది, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత అచ్చియమ్మ ఏ ఆదివారమూ మానలేదు.

మత్స్యలింగం అడ్డు చెప్పలేదు. "నీ దేవుడు నీకు, నా సీసా నాకు" అని నవ్వేవాడు. సాయంత్రమయ్యేసరికి తాగాలి. తాగితే గొడవ చేసే మనిషి కాదు, మంచం మీద పడి నిద్రపోయేవాడు. ఆయన కోసం ఆమె రోజూ తెల్లారుజామున మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసేది. అడిగే మాటలు కూడా మారేవి కావు. "ప్రభువా, ఆయన్ని లోపలికి తీసుకురా."

మొదట్లో ఆటోని వీధి చివర నిలిపేవాడు. కొన్నేళ్ళకి రోడ్డుకి అవతల వెల్డింగు షాపు నీడలోకి వచ్చాడు. ఆ తర్వాత మందిరం గేటు దగ్గరకి. మందిరం గోడ మీద రోడ్డు వైపు తిప్పి పెట్టిన మైకు ఉంది. పాటలూ వాక్యమూ అన్నీ అందులోంచి వినేవాడు. నాతవరం వెళ్ళే దారిలో ఆ పాటలు కూనిరాగం తీస్తుంటే ప్యాసింజర్లు వేళాకోళం చేసేవారు.

సంఘ పెద్ద జగదీశ్వరరావు ఇదంతా గమనించి, "లోపలికి రమ్మనమ్మా మీ ఆయన్ని, నేను పిలవనా?" అన్నాడు ఒకసారి.

"వొద్దండి బాబూ, పిలవకండి" అంది అచ్చియమ్మ కంగారుగా. "పిలిత్తే ఎల్లిపోతాడు."

ఆమె ఇంట్లో కూడా ఆ ఊసెత్తేది కాదు. కొమ్మ మీద వాలిన పిట్ట ఎగిరిపోతుందేమోనని ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. కిందటి ఏడాది ఆయన తాగుడు తగ్గింది. ముందు ఆదివారాలు మానేశాడు, తర్వాత శనివారాలు కూడా. క్రిస్మస్ భోజనాలకి వచ్చి మగాళ్ళ పంక్తిలో కూర్చుని తిన్నాడు. వేసవి మొదట్లో ఒకరోజు ఆటో కడుగుతూ అడిగాడు.

"ఒలే, లోనికొస్తే ఏటి సెయ్యాల? అందరి ముందూ ఏదైనా సెప్పమంటారేటి?"

అచ్చియమ్మ తల ఎత్తకుండా, వేళ్ళకి నూనె రాసుకుంటూనే అంది. "ఏటీ సెయ్యక్కర్లేదు మావా. సాప మీద కూకోడమే."

"అయితే వొచ్చే వారం సూద్దారి."

ఆ వారం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గరకొచ్చాక మళ్ళీ మొహమాటపడ్డాడు. "నువ్వెల్లు. పాటలయ్యాక నానొస్తాను" అన్నాడు. అచ్చియమ్మ లోపలికి వెళ్ళింది. ఆరాధన సాగినంతసేపూ మగాళ్ళు కూర్చునే వైపు గుమ్మాన్ని చూస్తూనే ఉంది.

ఆ మందిరానికి పాస్టరు రమేష్‌బాబు వచ్చి ఏడాదయింది. ముప్పై ఏళ్ళుంటాయి. బైబిలు కాలేజీలో చదువుకున్నాడు. కాల్వినిస్టు బోధ మీద అతనికి గట్టి నమ్మకం. మనిషి వెతుక్కుంటూ వెళ్ళి దేవుణ్ణి పట్టుకోలేదని, జగత్తుకి పునాది వెయ్యకముందే దేవుడు తనవాళ్ళని ఏర్పరచుకున్నాడని, రక్షణ మొదటి నుంచి చివరిదాకా ఆయన కృపేనని ఆ బోధ చెప్తుంది. తల్లి చనిపోయినప్పుడు తనను నిలబెట్టింది అదేనని అతను అంటుండేవాడు. ఆ ఆదివారం దాని మీదే ప్రసంగం మొదలుపెట్టాడు.

"మన మంచితనం చూసి ఆయన మనల్ని ఎన్నుకోలేదు" అన్నాడు. "మనం పుట్టకముందే ఆ నిర్ణయం జరిగింది. దేవుడు తీసుకురానిదే ఏ మనిషీ ఆయన దగ్గరకి రాలేడు. ఎంత ప్రయత్నించినా రాలేడు."

అక్కడ కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు మూగబోయింది. లోపల జనం చీరచెంగులతో, పాటల పుస్తకాలతో విసురుకున్నారు. పాస్టరు గొంతు పెంచి చాలాసేపు మాట్లాడాడు. లోపల ఉన్నవాళ్ళకి అంతా వినపడింది. బయట రోడ్డు మీద లారీల మోత తప్ప ఇంకేమీ లేదు.

అచ్చియమ్మ బయటికొచ్చేసరికి గేటు దగ్గర ఆటో లేదు. ఇంకొకరి ఆటోలో ఇంటికి వెళ్ళింది. మత్స్యలింగం మంచం మీద ఉన్నాడు, తెల్లచొక్కాతోనే, తాగి.

"ఏటైనాది మావా?"

"ఏటీ నేదు. నన్నొగ్గీ."

మరుసటి వారం బేరం ఉందన్నాడు. ఆపై వారం ఒంట్లో బాగోలేదన్నాడు. ఆ తర్వాత సాకులు కూడా చెప్పలేదు. శనివారం లేదు, ఆదివారం లేదు, మధ్యాహ్నం నుంచే తాగడం మొదలైంది. ఎంత అడిగినా కారణం చెప్పలేదు.

పాస్టరు చిన్నవాడు, అతనితో ఇంటి సంగతులు చెప్పుకోవడానికి అచ్చియమ్మకి బిడియం. జగదీశ్వరరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన హైస్కూలు మేష్టరుగా రిటైరయ్యాడు. ఏ మాటైనా తేల్చి చెప్తాడని సంఘంలో గౌరవం. ఆమె ఏడుస్తూ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆరోజు పాస్టరుగారు చెప్పలేదా అచ్చియమ్మా? దేవుడు ముందే ఎన్నుకున్న ఏర్పాటులో ఉన్నవాడైతే నువ్వు అడగకపోయినా వస్తాడు. లేనివాడైతే నువ్వు రాత్రింబవళ్ళు ఏడ్చినా రాడు. అంతవరకు వచ్చి వెనక్కి తిరిగాడంటే సంగతి తెలుస్తూనే ఉంది గదా. ఇక నీ మనసు కష్టపెట్టుకోకు."

"అయితే పార్థన సెయ్యడం..."

"చేస్తే చెయ్యి. రాసిపెట్టినదాన్ని మార్చగలవా?"

ఇంటికొచ్చి ఆమె చాలాసేపు గడప మీదే కూర్చుంది. ఇన్నేళ్ళూ తలుపే లేని గోడని కొడుతూ నిలబడ్డానా అనిపించింది. మర్నాడు తెల్లారుజామున మోకరించింది. ఆయన పేరు దగ్గరికొచ్చేసరికి మాట రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. మెల్లగా ఆ పేరు ఎత్తడమే మానేసింది.

వానలు పడే వేళకి మత్స్యలింగానికి కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. ఒకరోజు ఆటో స్టాండులో రక్తం కక్కుకున్నాడు. నర్సీపట్నం ఆసుపత్రిలో చూసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడి డాక్టరు అచ్చియమ్మని వరండాలోకి పిలిచి, లివరు పూర్తిగా పాడైపోయిందని, తమ చేతుల్లో పెద్దగా ఏమీ లేదని చెప్పాడు.

ఆమె వార్డులోకి తిరిగొచ్చి, మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఆయన కాళ్ళు ఒత్తుతోంది. మత్స్యలింగం పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వేడవకే. నాకు ముందే తెలుసు. మీ దేవుడికాడ నా పేరు నేదు."

"అదేటి మావా? ఎవులు సెప్పేరు?"

"మీ పాస్టరుబాబే సెప్పేడు. ఆ రోజు మైకులో ఇన్నాను. లోనికొద్దారని బండి దిగి గేటు మీద సెయ్యేసినాను. ఎంత ప్రయత్నించినా రానేడు అన్నాడు. ఇల్లు వొచ్చినోల్ల లిస్టులో పేరు నేకపోతే సచివాలయం సుట్టూ ఎన్నిమార్లు తిరిగితే ఏటి లాభం? మరి తాగడం మానడం ఎందుకు అనుకున్నాను."

ఆ రోజు ఏం జరిగిందో అచ్చియమ్మకి ఇన్నాళ్ళకి తెలిసింది. వరండాలోకి వెళ్ళి పాస్టరుకి ఫోను చేసింది. వరండా గోలలో సగం మాటలు అతనికి అర్థం కాలేదు. అయినా మర్నాడు పొద్దున మొదటి బస్సు ఎక్కి వచ్చాడు.

రమేష్‌బాబు మంచం పక్కన కూర్చుని అడిగాడు. "బాబాయ్, ఆ రోజు మీరు ఎక్కడిదాకా విన్నారు?"

"ఎంత ప్రయత్నించినా రానేడు, అన్నావు. ఆడికి ఆగిపోనాది."

"అక్కడ కరెంటు పోయింది" అన్నాడు పాస్టరు. "తర్వాత నేను చెప్పింది మీకు వినపడలేదు."

"ఏటి సెప్పేవు?"

"దేవుడు లాగనిదే ఎవరూ రాలేరన్నాను. మరి ఎవరికైనా రావాలని మనసు పుట్టిందంటే, ఆ మనసు ఆయన పెట్టిందే అన్నాను. ఎవరు ఏర్పాటులో ఉన్నారో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. నాకు తెలీదు, సంఘపెద్దకి తెలీదు. తాను అందులో లేనని అనుకునే హక్కు ఏ మనిషికీ లేదు. మనకి చెప్పింది ఒక్కటే, రమ్మని. వచ్చినవాణ్ణి ఆయన తోసెయ్యడు. రావాలని మనసున్నవాణ్ణి, నీ పేరు లేదు పొమ్మని ఎన్నడూ అనలేదు. అదీ నేను చెప్పింది."

మత్స్యలింగం కళ్ళు తిప్పి అతని వైపు చూశాడు. "నుదుటిరాత లాంటిదే అనుకున్నాను."

"చాలామంది అలాగే అనుకుంటారు. కానీ నుదుటిరాత ఎవరి కోసమూ ఏడవదు బాబాయ్. ఎవర్నీ వెతుక్కుంటూ రాదు. ఏళ్ళ తరబడి మీ ఆటో వీధి చివర నుంచి గేటు దాకా ఎలా వచ్చిందనుకున్నారు?"

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఆగాక మత్స్యలింగం అడిగాడు. గొంతులో కోపం లేదు.

"మరైతే ఆ రోజు కరెంటు పోయింది మీ దేవుడికి తెలీకుండానేటి?"

రమేష్‌బాబు తల దించుకున్నాడు. అచ్చియమ్మ అతనినే చూస్తోంది. అతని దగ్గర పెద్ద పుస్తకాలు ఉన్నాయని ఆమెకి తెలుసు. వాటిలో ఈ ప్రశ్నకి జవాబు ఉందో లేదో, అతను మాత్రం దాన్ని బయటికి తియ్యలేదు.

"తెలీకుండా ఏదీ జరగదు" అన్నాడు. "ఎందుకు అలా జరగనిచ్చాడో నాకు తెలీదు. నేను అబద్ధం చెప్పలేను. కానీ ఇవాళ నేను మీ పక్కన కూర్చోవడం కూడా ఆయనకి తెలీకుండా జరగలేదు. ప్రార్థన చేసుకుందామా?"

"ఇప్పుడు కాదు. కడుపు తిప్పుతున్నాది." మత్స్యలింగం అతని చెయ్యి పట్టుకుని, కొంచెంసేపు వదల్లేదు. "రేపు రా బాబూ."

"తప్పకుండా వస్తాను."

ఆ సాయంత్రం అచ్చియమ్మ స్పూనుతో నీళ్ళు తాగిస్తుంటే, "ఆ పిల్లోడు నిజమే సెప్పినట్టున్నాడే" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఆమె మొహం దగ్గరగా పెట్టింది. ఆయన నిద్రలోకి జారిపోయాడు.

మర్నాడు పాస్టరు వచ్చేసరికి ఆయనకి స్పృహ లేదు. పిలిచినా పలకలేదు. లివరు చెడిపోతే ఆ విషం మెదడుకి ఎక్కుతుందని, ఇలాగే అవుతుందని నర్సు చెప్పింది. రమేష్‌బాబు మంచం పక్కన మోకరించి, ఆయన చెవి దగ్గర మెల్లగా ప్రార్థన చేశాడు. పెదాలు కదిలాయని అచ్చియమ్మకి అనిపించింది. కదిలాయో లేదో ప్రమాణం చేసి మాత్రం చెప్పలేకపోయింది. ఆ మధ్యాహ్నమే ఆయన పోయాడు.

శవాన్ని తమ్ముడు చిట్టిరాజు నాతవరం తీసుకెళ్ళాడు. "మా అన్న బాప్తిస్మం తీసుకోలేదు వొదినా, మనోల్లలాగే పంపుదారి" అన్నాడు. ఎదురు చెప్పే ఓపిక ఆమెకి లేదు. కాలవ పక్కన దహనం చేశారు. రమేష్‌బాబు ఆ గుంపులో చివర, చేతులు కట్టుకుని మంట ఆరేదాకా నిలబడ్డాడు.

ఆ తర్వాతి వారం పాస్టరూ జగదీశ్వరరావూ ఆమె ఇంటికి పరామర్శకి వచ్చారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, అచ్చియమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆమె ఒకే మాట అడిగింది.

"అయ్యగారూ, ఆయన ఉన్నాడా? ఏర్పాటులో?"

జగదీశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అంతా దేవుడి చిత్తం అచ్చియమ్మా. చివరిదాకా సంఘం ముందు విశ్వాసం ఒప్పుకుని సాక్ష్యం ఇవ్వలేదు గదా. లేనివాళ్ళ విషయంలో మనం..."

"ఆపండి పెద్దగారూ" అన్నాడు రమేష్‌బాబు. అతను ఎవరి మీదైనా గొంతు పెంచడం వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. "లేడని మీకెవరు చెప్పారు? ఆ రోజు మీరు లోపలే ఉన్నారు. కరెంటు పోయాక నేను చెప్పింది మీరు విన్నారు."

అచ్చియమ్మ ముసలాయన వైపు తిరిగింది. ఆమె గొంతులో నింద లేదు, అలసట ఉంది.

"మీరు సెప్పినారని నాను పార్థన మానీసాను బాబూ. ఆయన తాగి తాగి సచ్చిపోతున్న రోజుల్లోనే దేవుడికాడ ఆయన పేరెత్తడం మానీసాను. అంతకు ముందు ఒక్క రోజూ మాన్లేదు."

జగదీశ్వరరావు చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాడు. తన అరచేతులే చూసుకుంటూ, ఎవరితోనో చెప్తున్నట్టు మొదలుపెట్టాడు. ఆయనకి రాజేశ్వరి అని ఒక్కతే కూతురు. సంఘం వదిలేసి, నమ్మకం లేని అబ్బాయిని చేసుకుని యలమంచిలిలో ఉంటోంది. ఆమె పెళ్ళయ్యాక ఆయన ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

"మొదట్లో ప్రార్థన చేసేవాణ్ణి. ఫోను మోగితే అదేనేమో అనుకునేవాణ్ణి. ఎంత చేసినా రాలేదు. ఈ బోధ విన్నాక, అది ఏర్పాటులో లేదులే అనుకున్నాను. అలా తేల్చేసుకున్న రోజు నాకు నిద్ర పట్టింది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేదనుకుంటే ఇక ఎదురుచూడక్కర్లేదు గదా. నీకూ అదే చెప్పాను. నీ మేలు కోరే చెప్పాననుకున్నాను."

అచ్చియమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మీ అమ్మాయి బతికున్నాది గదా బాబూ. ఎల్లండి. బేగి ఎల్లండి."

ఆయన వెళ్ళాడు. నాలుగు రోజులకి యలమంచిలి బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. రాజేశ్వరి తలుపు తీసిందట, కుర్చీ వేసిందట, టీ ఇచ్చిందట. "ఎందుకొచ్చేవు నాన్నా?" అని మాత్రం అడిగిందట. ఆయన పెరట్లో ఆడుకుంటున్న మనవరాలి పేరు అడిగి తెలుసుకుని వచ్చేశాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

అంతకు ముందు, పరామర్శ అయిన రోజున, జగదీశ్వరరావు ముందు నడుస్తుంటే, రమేష్‌బాబు గుమ్మంలో ఆగాడు. అచ్చియమ్మ అడిగిన మాటకి అతనింకా జవాబు చెప్పలేదు.

"అమ్మా, ఉన్నాడని చెప్తే నాకు తెలీనిది చెప్పినట్టవుతుంది. లేడని చెప్తే అంతకంటే పెద్ద తప్పు. బాబాయ్‌ని ఎవరి చేతుల్లో వదిలామో అది మాత్రం తెలుసు. ఆయన మనకంటే జాలిగలవాడు. నేను నమ్మేది అంతే."

"మరి ఇప్పుడు ఆయన కోసం అడగొచ్చా అయ్యగారూ?"

అతను చెప్పుల్లో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మన పద్ధతిలో లేదమ్మా."

"అవునా" అంది ఆమె.

అచ్చియమ్మ మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్తోంది. ఆటోని చిట్టిరాజు తీసుకెళ్ళి నడుపుతున్నాడు. ఆదివారం ఆమె పెదబొడ్డేపల్లి దాకా నడిచే వెళ్తుంది, ఎవరు ఎక్కించుకుంటామన్నా ఎక్కదు. తెల్లారుజామున లేచి మోకరించడం మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది. రాజులమ్మ మోకాళ్ళ నొప్పుల కోసం అడుగుతుంది. పాస్టరుగారి కోసం, యలమంచిలిలో ఉన్న రాజేశ్వరి కోసం అడుగుతుంది. ఆ తర్వాత ఆయన పేరు వచ్చే చోటు వస్తుంది. అక్కడ ఏమీ అడగదు. కాసేపు అలాగే ఉండిపోయి, లేచి పొయ్యి వెలిగిస్తుంది.